ఎస్-95 ఎగ్జామ్: న్యూయార్క్‌లో ఫైర్ అలారం బాధ్యత చూడాలంటే ఈ కార్డు ఉండాల్సిందే.. ఎలా ప్రిపేర్ అవ్వాలి?

బిల్డింగ్‌లో ఫైర్ అలారం మోగుతుంది. ఎవరూ కదలరు. "మళ్లీ మొదలైందిరా బాబూ.. రెండు నిమిషాల్లో అదే ఆగిపోతుందిలే" అని దుప్పటి ముసుగేస్తారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఈ సీన్ కొత్తేం కాదు. కానీ ఒక్కోసారి ఆ అలారం నిజమే అవుతుంది.

2022 జనవరి 9, ఆదివారం. న్యూయార్క్ సిటీలోని బ్రాంక్స్‌లో 19 అంతస్తుల ట్విన్ పార్క్స్ భవనం. ఓ ఫ్లాట్‌లో ఎలక్ట్రిక్ రూమ్ హీటర్ నుంచి మంటలు లేచాయి. మంట ఆ ఫ్లాట్, దాని ముందున్న హాలు దాటి పెద్దగా పోలేదు. పొగ మాత్రం మూసుకోని తలుపుల్లోంచి, మెట్ల దారిలోంచి పైదాకా పాకింది. 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. అలారం మోగలేదా అంటే.. మోగింది. కానీ అక్కడ అది తరచూ ఊరికే మోగుతుంటుందని, అందుకే మొదట పట్టించుకోలేదని చాలామంది నివాసితులు ఆ తర్వాత మీడియాకు చెప్పారు.

అంటే గోడకు అలారం బిగిస్తే సరిపోదు. అది పనిచేస్తోందా, ఊరికే మోగుతోందా, ఆఫ్‌లో ఉందా అని రోజూ చూసే మనిషి ఒకరు ఉండాలి. న్యూయార్క్ సిటీలో ఆ మనిషికి ఇచ్చే సర్టిఫికెట్టే ఎస్-95. న్యూయార్క్, న్యూజెర్సీ ఏరియాలో హోటళ్లు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్ బిల్డింగుల్లో పనిచేసే తెలుగువాళ్లకూ ఈ ఎగ్జామ్ ఎదురవుతుంది. ఫీజు ఎంత? ఏం చదవాలి? ఎక్కడ తప్పు చేస్తారు? ఫుల్ డీటెయిల్స్ ఇవే.

అసలు ఏంటీ ఎస్-95?

న్యూయార్క్ సిటీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌ను అందరూ ఎఫ్‌డీఎన్‌వై అంటారు. ప్రమాదంతో ముడిపడిన పనులు చేసేవాళ్లకు ఈ డిపార్ట్‌మెంట్ 'సర్టిఫికెట్ ఆఫ్ ఫిట్‌నెస్' ఇస్తుంది. పేరు చూసి ఆరోగ్య పరీక్ష అనుకోవద్దు. "ఈ పని చేయడానికి ఈ వ్యక్తికి తగిన అవగాహన ఉంది" అని ఇచ్చే కార్డు అది. ఒక్కో పనికి ఒక్కో కోడ్ ఉంటుంది. ఫైర్ అలారం సిస్టమ్ పర్యవేక్షణకు ఇచ్చేది ఎస్-95.

బిల్డింగ్ సూపర్, మేనేజర్, హోటల్ ఇంజినీరింగ్ స్టాఫ్, సెక్యూరిటీ సూపర్‌వైజర్.. ఎక్కువగా ఈ ఎగ్జామ్ రాసేది వీళ్లే. కార్డు బిల్డింగ్‌కు కాదు, మనిషికి ఇస్తారు. డ్యూటీలో ఉన్నప్పుడు జేబులో ఉండాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే చూపించాలి.

ఒక విషయం మొదట్లోనే క్లియర్‌గా తెలుసుకోవాలి. ఎస్-95 ఉన్న వ్యక్తి అలారం రిపేర్ చేసే మెకానిక్ కాదు. ప్యానెల్ విప్పి వైర్లు మార్చడం అతని పని కాదు. సిస్టమ్‌ను ఇన్‌స్పెక్ట్ చేసి, టెస్ట్ చేసి, సర్వీస్ చేసే టెక్నీషియన్‌కు ఎస్-98 అనే వేరే సర్టిఫికెట్ ఉంది. ఎస్-95 వ్యక్తి పని గమనించడం, రికార్డు రాయడం, లోపం కనిపిస్తే సరైన వాళ్లకు చెప్పడం, బాగయ్యేదాకా బిల్డింగ్‌ను గాలికి వదిలేయకపోవడం. ఎగ్జామ్‌లో సగం ప్రశ్నలకు సమాధానం ఈ తేడా తెలిస్తేనే దొరుకుతుంది.

ఎవరు రాయొచ్చు? ఫీజు ఎంత?

- వయసు: 18 ఏళ్లు నిండాలి.
- భాష: ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోగలగాలి. పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది.
- ఎక్కడ: బ్రూక్లిన్‌లోని 9 మెట్రోటెక్ సెంటర్, ఎఫ్‌డీఎన్‌వై హెడ్‌క్వార్టర్స్.
- ఎలా: కంప్యూటర్‌పై మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలు.
- పాస్ మార్కు: 70 శాతం.
- ఫీజు: కొత్తగా రాసేవాళ్లకు 25 డాలర్లు. రెన్యువల్‌కు 15 డాలర్లు.
- గడువు: మూడేళ్లు.

ఫీజులు, అపాయింట్‌మెంట్ పద్ధతి మారే అవకాశం ఉంటుంది కాబట్టి వెళ్లేముందు ఎఫ్‌డీఎన్‌వై వెబ్‌సైట్‌లో ఒకసారి చెక్ చేసుకోవాలి.

కంపెనీ లెటర్‌హెడ్ మీద యజమాని ఇచ్చే సిఫార్సు లేఖ కూడా అడుగుతారు. మరి ఉద్యోగం లేనివాళ్ల సంగతేంటి? వాళ్లు కూడా ఎగ్జామ్ రాయొచ్చు. పాసైతే ఉద్యోగం వెతుక్కోవడానికి చూపించుకునేలా ఫొటోతో తాత్కాలిక లెటర్ ఇస్తారు. ఉద్యోగం దొరికి, ఆ యజమాని లేఖ ఇచ్చాకే అసలు కార్డు చేతికొస్తుంది.

ఇక్కడ తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఎస్-95 అనేది వర్క్ పర్మిట్ కాదు. ఫైర్ డిపార్ట్‌మెంట్ కార్డు ఇచ్చింది కదా అని వీసా రూల్స్ మారవు. పని చేసే అనుమతి ఉందా లేదా అన్నది ఇమ్మిగ్రేషన్ నిబంధనల ప్రకారమే తేలుతుంది. "కార్డు ఉంటే చాలు, డ్యూటీలో పెట్టేస్తాం" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఏం చదవాలి? మెటీరియల్ ఫ్రీనే!

చాలామంది మొదట డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. "గ్యారంటీ పాస్", "అసలు ప్రశ్నలు, ఆన్సర్లు" అంటూ నెట్‌లో పేపర్లు అమ్ముతుంటారు. నిజానికి ఎస్-95 స్టడీ మెటీరియల్‌ను ఎఫ్‌డీఎన్‌వై తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది. ప్రశ్నలు వచ్చేది దాంట్లోంచే. ఫోన్‌లో పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుంటే సబ్‌వేలో వెళ్తూ కూడా చదువుకోవచ్చు. పాత కాపీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అవి కాకుండా సైట్‌లో ఉన్న తాజా కాపీయే తీసుకోవాలి.

మెటీరియల్ మొత్తాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టుకుంటే సులువు. పరికరాలు, సిగ్నళ్లు, సిస్టమ్ ఆఫ్ అయినప్పుడు చేయాల్సిన పనులు, లాగ్‌బుక్.

1. పరికరాలు: ఏది కనిపెడుతుంది? ఏది చెబుతుంది?

ఫైర్ అలారం సిస్టమ్‌లో పరికరాలు రెండు రకాలు. ప్రమాదాన్ని కనిపెట్టేవి ఒకటి. జనానికి చెప్పేవి మరొకటి. మధ్యలో మెదడులా పనిచేసేది కంట్రోల్ ప్యానెల్.

కనిపెట్టేవాటిలో ముఖ్యమైనవి ఇవి:

- పుల్ స్టేషన్: మనిషి చేత్తో లాగే ఎర్ర పెట్టె. ఇది మాన్యువల్.
- స్మోక్ డిటెక్టర్: పొగను పట్టేస్తుంది. అయనైజేషన్ రకం భగ్గున మండే మంటకు త్వరగా స్పందిస్తుంది. ఫొటోఎలక్ట్రిక్ రకం మంట లేకుండా రగులుతూ పొగ వదిలే నిప్పుకు త్వరగా స్పందిస్తుంది.
- హీట్ డిటెక్టర్: వేడిని చూస్తుంది. ఒక రకం నిర్ణీత ఉష్ణోగ్రత దాటగానే పనిచేస్తుంది. సాధారణంగా వాడేది 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌ది, అంటే దాదాపు 57 డిగ్రీల సెల్సియస్. ఇంకో రకం వేడి ఎంత వేగంగా పెరుగుతోందో చూస్తుంది.
- వాటర్‌ఫ్లో స్విచ్: స్ప్రింక్లర్ పైపులో నీళ్లు కదిలితే ప్యానెల్‌కు చెబుతుంది.
- ట్యాంపర్ స్విచ్: స్ప్రింక్లర్ వాల్వ్‌ను ఎవరైనా మూసేస్తే చెబుతుంది.

వంటగదిలో స్మోక్ డిటెక్టర్ కాకుండా హీట్ డిటెక్టర్ ఎందుకు పెడతారో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎండుమిర్చి పోపు పడిందంటే చాలు, స్మోక్ డిటెక్టర్ గోల మొదలుపెడుతుంది. పోపు పొగకు హీట్ డిటెక్టర్ మోగదు. నిజంగా వేడి పెరిగితేనే మోగుతుంది.

జనానికి చెప్పేవి హారన్లు, బెల్లులు, స్పీకర్లు, మెరిసే స్ట్రోబ్ లైట్లు. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు స్ట్రోబ్ లైటే అలారం. అందుకే దాని ముందు బీరువా పెట్టడం, బ్యానర్ కట్టడం తప్పు. అమెరికా అంతటా ఫైర్ అలారాలకు ఆధారంగా తీసుకునే ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72. మామూలు ప్రదేశాల్లో అలారం శబ్దం అక్కడి సగటు శబ్దం కన్నా కనీసం 15 డెసిబెళ్లు ఎక్కువ వినిపించాలని, పడుకునే చోట దిండు దగ్గర కనీసం 75 డెసిబెళ్లు ఉండాలని అది చెబుతుంది.

కన్ఫ్యూజ్ చేసే మరో జంట 'స్మోక్ అలారం', 'స్మోక్ డిటెక్టర్'. ఫ్లాట్ లోపల సీలింగ్‌కు ఉండే స్మోక్ అలారం తానే పొగ పట్టి, తానే కూత పెడుతుంది. సాధారణంగా అది ఆ ఇంటివాళ్లకే వినిపిస్తుంది, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు కబురు వెళ్లదు. స్మోక్ డిటెక్టర్ మాత్రం కంట్రోల్ ప్యానెల్‌కు కనెక్ట్ అయి ఉంటుంది. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా పని వేరు. అద్దెకు ఉండేవాళ్లు కూడా ఇది తెలుసుకోవాలి. ఇంట్లో స్మోక్ అలారం కూసినంత మాత్రాన ఫైర్ ఇంజిన్ బయల్దేరిందని అనుకోవద్దు. 911కి ఫోన్ చేయాల్సిందే.

2. మూడు సిగ్నళ్లు: ఇక్కడే మార్కులు పోతాయి

ప్యానెల్ మీద కనిపించేవి ప్రధానంగా మూడు సంకేతాలు. అలారం, సూపర్‌వైజరీ, ట్రబుల్.

అలారం అంటే మంట ఉండొచ్చు. పొగ, వేడి, పుల్ స్టేషన్ లాగడం, స్ప్రింక్లర్ నీళ్లు పారడం.. ఇవన్నీ అలారమే. మామూలుగా ఎర్ర లైటు వెలుగుతుంది.

సూపర్‌వైజరీ అంటే మంట లేదు కానీ, మంటను ఆర్పే ఏర్పాటు సరైన స్థితిలో లేదు. ఉదాహరణకు స్ప్రింక్లర్ వాల్వ్ మూసి ఉంది. ఇప్పుడు మంట వస్తే నీళ్లు రావు.

ట్రబుల్ అంటే అలారం సిస్టమ్‌లోనే లోపం. వైరు తెగింది, కరెంటు పోయింది, బ్యాటరీ దెబ్బతింది.. ఇలాంటివి.

నీళ్లు పారితే అలారం, వాల్వ్ మూస్తే సూపర్‌వైజరీ. రెండూ స్ప్రింక్లర్‌కు సంబంధించినవే కావడంతో చాలామంది ఇక్కడ తప్పు టిక్ పెడతారు.

ఇంకో చిక్కు 'సూపర్‌విజన్' అన్న మాటతోనే. మెటీరియల్‌లో ఇది మూడు చోట్ల మూడు అర్థాల్లో వస్తుంది. మొదటిది, సర్టిఫికెట్ పేరులోని సూపర్‌విజన్. అంటే మనిషి చేసే పర్యవేక్షణ. రెండోది, పైన చెప్పుకున్న సూపర్‌వైజరీ సిగ్నల్. మూడోది, 'సూపర్‌వైజ్డ్ సర్క్యూట్'. అంటే ప్యానెల్ తన వైర్లను తానే కనిపెట్టుకుని ఉండటం.

ఈ మూడోది ఎలా పనిచేస్తుంది? మామూలు పాతరకం సిస్టమ్‌లో ప్రతి లైను చివర ఓ చిన్న రెసిస్టర్ ఉంటుంది. ప్యానెల్ ఆ లైనులో ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పంపుతూ ఉంటుంది. అది చివరిదాకా వెళ్లి తిరిగొస్తుంటే వైరు బాగున్నట్టు. ఎలుక కొరికో, డ్రిల్లింగ్ తగిలో వైరు తెగితే కరెంటు ఆగిపోతుంది. వెంటనే ట్రబుల్ సిగ్నల్ వస్తుంది. అంటే మంట రాకముందే "నాకు ఆ అంతస్తు కనిపించడం లేదు" అని ప్యానెల్ చెబుతున్నట్టు. పసుపు లైటే కదా అని సైలెంట్ నొక్కి వెళ్లిపోతే, ఆ అంతస్తులో మంట వచ్చినా సిస్టమ్‌కు తెలియకపోవచ్చు.

కరెంటు పోతే ఏంటన్న ప్రశ్న కూడా కామన్. ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం బ్యాకప్ బ్యాటరీ 24 గంటలు సిస్టమ్‌ను మేలుకొని ఉంచి, ఆ తర్వాత కూడా 5 నిమిషాలు అలారం మోగించగలగాలి. స్పీకర్లలో వాయిస్ మెసేజ్ ఇచ్చే సిస్టమ్ అయితే 15 నిమిషాలు.

3. సిస్టమ్ ఆఫ్ అయిందా? అప్పుడు మనిషే అలారం

ఎస్-95లో గుండెకాయ లాంటి చాప్టర్ ఇదే. రిపేర్ వల్లో, లోపం వల్లో సిస్టమ్ పనిచేయని స్థితిని 'అవుట్ ఆఫ్ సర్వీస్' అంటారు. అలాంటప్పుడు బాధ్యత తీసుకునే వ్యక్తి 'ఇంపెయిర్‌మెంట్ కోఆర్డినేటర్'. సిస్టమ్ ఎప్పుడు ఆగింది, ఎవరికి చెప్పాలి, ఎప్పటికి బాగవుతుంది, అప్పటిదాకా ఎవరు తిరుగుతారు.. ఇవన్నీ చూసేది ఆ వ్యక్తే.

సిస్టమ్ మూగబోయినప్పుడు బిల్డింగ్‌లో 'ఫైర్ వాచ్' పెట్టాలి. అంటే మనుషులు అంతస్తులు తిరుగుతూ పొగ, మంట కోసం చూడటం. మొదటి 4 గంటలు శిక్షణ ఉన్న బిల్డింగ్ సిబ్బందితో నడిపించే వీలుంది. 4 గంటలు దాటితే ఎఫ్-01 సర్టిఫికెట్ ఉన్న ఫైర్ గార్డులే కావాలి. ఒక్కో గార్డుకు 50,000 చదరపు అడుగులకు మించి అప్పగించకూడదు. తన ఏరియా మొత్తాన్ని గంటకు కనీసం ఒకసారి చుట్టి రావాలి. ఈ నంబర్లు నోటికి రావాలి. 4 గంటలు, ఎఫ్-01, 50,000 చదరపు అడుగులు, గంటకో రౌండు.

దీనికి దగ్గర్లోనే ఇంకో పదం వస్తుంది. 'ఆఫ్‌లైన్'. చాలా బిల్డింగుల అలారం సిగ్నల్ ముందు 'సెంట్రల్ స్టేషన్' అనే ప్రైవేట్ మానిటరింగ్ కంపెనీకి వెళ్తుంది. అక్కడి నుంచి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు చేరుతుంది. బిల్డింగ్‌లో టెస్టింగ్ ఉన్నా, దుమ్ము లేచే పని ఉన్నా ముందే సెంట్రల్ స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పాలి. లేదంటే టెస్ట్ సిగ్నల్‌కే ఫైర్ ఇంజిన్లు వచ్చేస్తాయి. అదే సమయంలో ఇంకెక్కడో నిజంగా మంట వస్తే అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది.

అసలు ప్రమాదం మాత్రం పని అయిపోయాక ఉంటుంది. టెక్నీషియన్ బ్యాగు సర్దుకుని వెళ్లిపోతాడు. సెంట్రల్ స్టేషన్‌కు తిరిగి ఫోన్ చేసి "ఆన్‌లైన్ చేయండి" అని చెప్పడం ఎవరికీ గుర్తుండదు. ప్యానెల్ మీద అంతా పచ్చగానే కనిపిస్తుంది. కానీ రాత్రి మంట వస్తే సిగ్నల్ బయటికి వెళ్లినా పట్టించుకునేవాళ్లు ఉండరు. ఆ ఒక్క ఫోన్ కాల్ చేయించడం కోసమే ఎస్-95 వ్యక్తి అక్కడ ఉన్నది అంటే అతిశయోక్తి కాదు.

4. లాగ్‌బుక్: రాయకపోతే చేయనట్టే

ఇన్‌స్పెక్టర్ వచ్చాక మొదట అడిగేవాటిలో లాగ్‌బుక్ ఒకటి. "నిన్న చూశామండీ, బాగానే ఉంది" అంటే కుదరదు. పుస్తకంలో ఉండాలి. అలారం మోగినా, ట్రబుల్ వచ్చినా, టెస్ట్ చేసినా, సిస్టమ్ ఆఫ్ చేసినా, తిరిగి ఆన్ చేసినా.. ప్రతిదీ రాయాలి.

మంచి ఎంట్రీ ఎలా ఉంటుందంటే: "ఉదయం 9:10. 6వ అంతస్తు కారిడార్ డిటెక్టర్ ట్రబుల్. 9:15కి సర్వీస్ కంపెనీకి ఫోన్. 9:20కి సెంట్రల్ స్టేషన్‌కు సమాచారం, ఆపరేటర్ నంబర్ నమోదు. 6వ అంతస్తులో పెట్రోలింగ్ మొదలు. 11:40కి డిటెక్టర్ మార్పు, టెస్ట్ ఓకే. 11:45కి సెంట్రల్ స్టేషన్‌తో ఆన్‌లైన్ నిర్ధారణ. సంతకం, సర్టిఫికెట్ నంబర్."

ఇందులో మొదలైన టైమ్, ముగిసిన టైమ్ రెండూ ఉన్నాయి. "డిటెక్టర్ ప్రాబ్లమ్, చెప్పాం" అని ఒక్క లైను రాస్తే ఎవరికి చెప్పారు, ఎప్పుడు బాగైంది అన్నది తెలీదు. రేపు ప్రమాదం జరిగి విచారణ వస్తే, ఉద్యోగిని కాపాడేది కూడా ఈ పుస్తకమే.

అలారం మోగింది.. ఇప్పుడేం చేయాలి?

ఎగ్జామ్‌లో సందర్భం చెప్పి ప్రశ్న అడిగితే ఈ క్రమం గుర్తు తెచ్చుకోవాలి.

- ముందు ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు కబురు వెళ్లాలి. "నిజంగా మంట ఉందో లేదో చూసొచ్చి ఫోన్ చేద్దాం" అనుకోవడం తప్పు.
- సెంట్రల్ స్టేషన్ చూసుకుంటుందిలే అని ఊరుకోకుండా 911కి ఫోన్ చేయాలి.
- ఫైర్ సిబ్బంది వచ్చి చెప్పేదాకా అలారం సైలెన్స్ చేయడం, ప్యానెల్ రీసెట్ చేయడం చేయకూడదు. రీసెట్ చేస్తే ఏ అంతస్తులో, ఏ పరికరం మోగిందన్న సమాచారం స్క్రీన్ మీద నుంచి పోవచ్చు.
- సిబ్బంది వచ్చాక ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లి ఏం కనిపించిందో చెప్పాలి. తాళాలు సిద్ధంగా ఉంచాలి.

ఈ 5 ప్రశ్నలతో ప్రాక్టీస్ చేయండి

ఇవి ప్రాక్టీస్ కోసం మాత్రమే. ముందు సమాధానం అనుకుని, తర్వాత కింది లైను చదవండి.

ప్రశ్న 1: ప్యానెల్ మీద పసుపు లైటు, ట్రబుల్ అని ఉంది. బిల్డింగ్‌లో ఎక్కడా పొగ లేదు. ఎస్-95 వ్యక్తి ఏం చేయాలి?
జవాబు: కారణం గుర్తించి, సర్వీస్ కంపెనీని పిలిచి, లాగ్‌బుక్‌లో రాయాలి. సిస్టమ్‌లో ఏదైనా భాగం పనిచేయకపోతే ఫైర్ వాచ్ చూడాలి. తానే ప్యానెల్ విప్పి రిపేర్ చేయడం తప్పు జవాబు.

ప్రశ్న 2: ప్లంబర్ పని కోసం స్ప్రింక్లర్ వాల్వ్ మూశాడు. ఏ సిగ్నల్ రావాలి?
జవాబు: సూపర్‌వైజరీ.

ప్రశ్న 3: ఈ వారంలో మూడోసారి అదే అంతస్తులో అలారం మోగింది. "అది ఫాల్స్ అలారమేలే, సైలెన్స్ చేసేయండి" అని గార్డు అంటున్నాడు. సరైనదేనా?
జవాబు: కాదు. మూడోసారి అయినా మొదటిసారి లాగే స్పందించాలి. ఆ తర్వాత ఎందుకు మోగుతోందో కారణం తేల్చి సరిచేయించాలి.

ప్రశ్న 4: పెయింటర్లు వస్తున్నారని స్మోక్ డిటెక్టర్లకు ప్లాస్టిక్ కవర్లు తొడిగారు. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయారు. అసలు చెక్ చేయాల్సింది ఏంటి?
జవాబు: కవర్లన్నీ తీశారా, డిటెక్టర్లపై పెయింట్ పడలేదు కదా, సిస్టమ్ తిరిగి ఆన్‌లైన్ అయిందా. పెయింట్ పడిన డిటెక్టర్‌ను తుడిచి వాడకూడదు, మార్చాల్సిందే.

ప్రశ్న 5: సిస్టమ్ ఆగి 5 గంటలైంది. బిల్డింగ్ హెల్పర్ ఒకతను అంతస్తులు తిరుగుతున్నాడు, ఎఫ్-01 కార్డు లేదు. సరిపోతుందా?
జవాబు: సరిపోదు. 4 గంటలు దాటితే ఎఫ్-01 ఉన్న ఫైర్ గార్డు ఉండాలి.

రెండు వారాల ప్లాన్

రోజుకు గంట కేటాయిస్తే చాలామందికి రెండు వారాలు సరిపోతాయి.

మొదటి నాలుగు రోజులు: మెటీరియల్ మొత్తం ఒకసారి చదవాలి. అర్థంకాని పదాల కింద గీత పెట్టుకుని, వాటిని తెలుగులో ఒక లైనులో రాసుకోవాలి. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన డెఫినిషన్ ఎగ్జామ్ హాల్లో తడబడుతుంది. తెలుగులో అర్థమైంది మర్చిపోవడం కష్టం.

5 నుంచి 8వ రోజు: పనిచేసే బిల్డింగ్‌లోనే చదవాలి. ప్యానెల్ దగ్గర నిలబడి ఏ లైటు దేనికో చూడాలి. ఒక అంతస్తు నడిచి పుల్ స్టేషన్, డిటెక్టర్, స్ట్రోబ్ ఎక్కడున్నాయో లెక్కపెట్టాలి. ఏదీ నొక్కొద్దు, లాగొద్దు. చూడటం వరకే.

9 నుంచి 11వ రోజు: అవుట్ ఆఫ్ సర్వీస్, ఫైర్ వాచ్, లాగ్‌బుక్ చాప్టర్లు మళ్లీ చదవాలి. గంటలు, చదరపు అడుగులు, నెలలు, ఏళ్లు అన్నీ ఒకే కాగితం మీద రాసుకోవాలి.

చివరి మూడు రోజులు: ఆ కాగితం చూడకుండా మళ్లీ రాయాలి. ఇంట్లోవాళ్లనో, రూమ్‌మేట్‌నో ప్రశ్నలు అడగమనాలి.

ఎగ్జామ్ రోజు ఇవి మర్చిపోవద్దు

గుర్తింపు కార్డులు, అప్లికేషన్, యజమాని లేఖ, ఫీజు.. ఏది మర్చిపోయినా వెనక్కి రావాల్సి వస్తుంది. ముందు రోజు రాత్రే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవడం మంచిది. అప్లికేషన్‌లో పేరు, గుర్తింపు కార్డులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం తెలుగువాళ్లకు ఎక్కువ కాబట్టి ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి.

ప్రశ్నలో 'తప్పనిసరిగా', 'తప్ప', 'మొదట' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ పదాలు ఉంటే ఆగి చదవాలి. నాలుగు ఆప్షన్లలో మూడు మంచి పనులే ఉండొచ్చు. అడిగింది "మొదట ఏం చేయాలి" అని అయితే సమాధానం ఒక్కటే.

పాసయ్యాక? మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు దాటితే పెనాల్టీ పడుతుంది. ఏడాది దాటేదాకా ఆలస్యం చేస్తే కొత్త అభ్యర్థిలా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అడ్రస్ మారితే డిపార్ట్‌మెంట్‌కు తెలియజేయాలి. ఈ రంగంలోనే డిజైన్, ఇన్‌స్టలేషన్ వైపు ఎదగాలనుకునేవాళ్లకు అమెరికాలో నైసెట్ అనే సంస్థ ఫైర్ అలారం సిస్టమ్స్‌లో నాలుగు లెవెల్స్ సర్టిఫికేషన్ ఇస్తోంది. అది ఎస్-95 కన్నా చాలా లోతైన సాంకేతిక పరీక్ష.

మనకూ పాఠమే

పొగ ఎంత ప్రమాదమో తెలుగు రాష్ట్రాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలోనూ 8 మంది చిన్నారులే. మన దేశంలోనూ ఫైర్ అలారాల ఏర్పాటు, నిర్వహణకు ఐఎస్ 2189 అనే ప్రమాణం ఉంది. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో నాలుగో భాగం మొత్తం ఫైర్ సేఫ్టీ గురించే.

ఎస్-95 రాసినా రాయకపోయినా, బిల్డింగ్‌లో ఉండే ఎవరైనా ఈరోజే వాచ్‌మన్‌నో, సూపర్‌నో ఒక్క మాట అడగొచ్చు. "మన అలారం ప్యానెల్ ఎక్కడుంది? ఇప్పుడు ఏ లైటు వెలుగుతోంది? చివరిసారి ఎవరు చూశారు?" ఈ మూడింటికీ తడుముకోకుండా సమాధానం వస్తే ఆ బిల్డింగ్‌లో అలారాన్ని చూసే మనిషి ఉన్నట్టే. రాకపోతే, ఈసారి అలారం మోగినప్పుడు "ఊరికేలే" అనుకోకుండా పిల్లల్ని తీసుకుని మెట్ల దారిన కిందికి వచ్చేయడమే మంచిది. వచ్చేటప్పుడు తలుపు మూయడం మర్చిపోవద్దు.